చెల్లి వాలు మీద గొయ్యి

అనిపాకి మంచు అంటే ఇష్టం లేదు. పెళ్ళయి అక్‌బెల్ కనుమ మీదికి వచ్చినప్పటి నుంచి మోకాళ్ళు ఇక మా వల్ల కాదనేదాకా మంచును తవ్వి, తూచి, భూతద్దంలో చూసి, దాని మంచిచెడ్డలు వైర్‌లెస్‌లో చెప్పడమే ఆమె బతుకు. అయినా ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. “ఇష్టమేంటి? గొర్రెల కాపరికి తోడేలంటే ఇష్టమా? కానీ దాని సంగతి వాడికి తెలిసినంత ఇంకెవడికి తెలుసు?”

ఆమె పుట్టింది కనుమకు అవతల, సరీబులక్‌లో. తండ్రి ఎస్తెబెస్ గుర్రాల కాపరి. నవ్వు ఎక్కువ, ఆస్తి తక్కువ. రోడ్డు మీద మంచు తీసే బుల్డోజరు నడుపుతాడని కదిరాలి సంబంధం వచ్చినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు పెదవి విరిచారు. మంచు పడ్డాక ఆ దారి తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. కనుమ అవతలికి ఇస్తే పిల్లకి చలికాలమంతా పుట్టిల్లు లేనట్టే అన్నారు. పెళ్ళికూతుర్ని సాగనంపే ఏడుపు పాటలు అయ్యాక ఎస్తెబెస్ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

“ఇక చాల్లే, ఏడవకు. ఆ గొంతు దాచుకో. నేను పోయినప్పుడు కావాలి.”

“ఇదేం మాట నాన్నా, ఈ పూట!”

“మరి? మీ నాయనమ్మ పోయినప్పుడు నువ్వు పాడుతుంటే దారిన పోయేవాళ్ళు గుర్రాలాపి విన్నారు. నేనేం తక్కువ తిన్నానా? దారి మూస్తారని బెంగపడకు. చచ్చేదేదో ఎండాకాలమే చస్తాను.”

అందరూ నవ్వారు. అనిపా కూడా ఏడుపులోంచే నవ్వింది. ఆ తర్వాత ఏటా దారి తెరుచుకోగానే ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఎస్తెబెస్ కర్ర ఊపుకుంటూ ఎదురొచ్చి, “చూశావా, ఇంకో చలికాలం దాటించాను” అనేవాడు. అది వాళ్ళిద్దరి పలకరింపు అయిపోయింది.

కనుమకు కొంచెం కింద, గాలి తగలని మలుపులో ఉండేది మంచు కేంద్రం. రెండు చెక్క ఇళ్ళు, ఒక ఆవిరి స్నానాల గది, వైర్‌లెస్ స్తంభం. దానికి పెద్ద లీదియా పావ్లోవ్నా. నగరంలో చదువుకుని, చుట్టలు తాగుతూ, పొడుగ్గా ఎండు చెట్టులా ఉండే మనిషి. బుల్డోజరు నడిపేవాడి భార్య కదా అని అనిపాని మొదట వంటకి పెట్టుకున్నారు. నెల తిరక్కుండా లీదియా పావ్లోవ్నా ఆమెని పిలిచి, “నీ చేతి సూప్ తాగాక నాకో సంగతి అర్థమైంది, అమ్మాయీ. నువ్వు పుట్టింది ఇంకేదో పనికి. రా, పార పట్టుకో” అంది.

మొదటి పాఠం రేకు ముక్క మీద. నల్లరంగు పూసిన రేకు. చలికి బాగా చల్లబడేదాకా దాన్ని బయటే ఉంచి, మంచు పడుతుండగా చాపి పట్టుకోవాలి. నాలుగు పలుకులు పడగానే భూతద్దం కిందికి తేవాలి. అనిపా వంగి చూసింది. ఆరు రెక్కల నక్షత్రం. ప్రతి రెక్కకీ చిన్న చిన్న కొమ్మలు, ఈ పక్క ఎలా ఉన్నాయో ఆ పక్కా అలాగే.

“ఎవరు చెక్కారిది?” అని ఆమె నోట వచ్చింది. ఆ మాటతో పాటు ఊపిరీ వచ్చింది. నక్షత్రం నీటి చుక్కయి కూర్చుంది.

“చంపేశావు,” అంది లీదియా పావ్లోవ్నా. “చూసేటప్పుడు ఊపిరి బిగబట్టు. చెక్కింది చలి, తేమ. పైన మబ్బులో ఎంత చలి తగిలిందో, ఎంత తడి అందిందో అదంతా ఆ రెక్కల మీద ఉంటుంది. ఒక రకం చలికి సూది అవుతుంది, ఇంకో రకానికి పళ్ళెం అవుతుంది, ఇంకో రకానికి ఇలా విచ్చుకుంటుంది. మనం ఎక్కలేని మబ్బులోంచి వచ్చిన కబురు. నువ్వు దాన్ని ఊదేశావు.”

అప్పటి నుంచి దేన్ని దగ్గరగా చూసినా అనిపా ఊపిరి బిగబట్టేది. సూదిలో దారం ఎక్కించినా అంతే, పురిటి పిల్ల మొహం చూసినా అంతే. కదిరాలి ఆటపట్టించేవాడు: “నా మొహం చూసేటప్పుడు మాత్రం ఎప్పుడూ బిగబట్టలేదు. నిట్టూర్చడమే.”

రెండో పాఠం నేల మీద. పడిపోయిన మంచు చచ్చిన మంచు అని అనిపా అనుకునేది, అందరూ అనుకున్నట్టే. “పడ్డాకే దాని కాపురం మొదలు,” అనేది లీదియా పావ్లోవ్నా. అడుగున నేల వెచ్చగా ఉంటుంది, పైన గాలి కోతగా ఉంటుంది. అడుగు మంచు ఆవిరై మెల్లగా పైకి పాకి, మళ్ళీ గడ్డ కడుతుంది. నక్షత్రాల రెక్కలు అరిగిపోతాయి. అడుగున కొత్త పలుకులు పుట్టి లావెక్కుతాయి, మెట్లు మెట్లుగా, చిన్న గిన్నెల్లా. చేతిలోకి తీసుకుంటే పంచదార. ఒకదాన్నొకటి పట్టుకోవు. వాటి మీద గాలి కొట్టి గట్టిపరిచిన మంచు పలక కూర్చుంటుంది. చూడ్డానికి కొండంతా నిబ్బరంగా ఉంటుంది. కానీ అది పంచదార మీద నిలబెట్టిన బండ. ఒక మనిషి అడుగు చాలు, ఒక బండి అదురు చాలు.

రోడ్డుకి పైన అలాంటి వాలు ఒకటి ఉంది. దానికి అందరూ పెట్టుకున్న పేరు అక్క. దాని మీదికి ఎక్కి తవ్వడం చావుని పిలవడమే. అందుకని కేంద్రం వెనక ఉన్న చిన్న వాలుని చూసేవాళ్ళు. అదే ఎత్తు, అదే ముఖం, అదే నీడ, కానీ పొట్టిది, పడినా మనిషిని మింగలేనిది. దాని పేరు చెల్లి. అక్క మనసులో ఏముందో చెల్లిని అడిగి తెలుసుకోవాలి. చెల్లి మీద నేల తగిలేదాకా గొయ్యి తవ్వి, ఎండ పడని గోడను పారతో నున్నగా చెక్కి, పొర పొరనీ వేలితో, పిడికిలితో నొక్కి చూసి, పలుకుల్ని రేకు మీద పోసుకుని చూడాలి. ఒక గొట్టంతో మంచు తీసి తూచాలి. కింద లోయలో ఎండాకాలం కాలవల్లోకి ఎంత నీళ్ళొస్తాయో ఆ తూకం చెప్తుంది. చివరికి గోడలోంచి ఒక స్తంభంలా కోసి, పైన అరచేత్తో తట్టాలి. మణికట్టు విసురుకే పైభాగం సొరుగులా జారి వచ్చేస్తే దారి మూయాలి. భుజం ఎత్తి కొట్టినా జారకపోతే తెరవొచ్చు.

పని అయ్యాక గొయ్యి పూడ్చి రావాలి. పూడ్చిన చోట ఒక కర్ర గుచ్చాలి. వచ్చేసారి ఆ కర్రకి ఒక బారెడు పైన, చెయ్యి పడని మంచులో తవ్వాలి. ఎందుకంటే పార పడిన మంచు అబద్ధం చెప్తుంది. తవ్వి పూడ్చినప్పుడు పొరలన్నీ కలిసిపోయి, తర్వాత ఒకే ముద్దగా బిగుసుకుంటాయి. అందులో పంచదార ఉండదు. ఎంత కొట్టినా జారదు.

గొయ్యి పూడ్చమని లీదియా పావ్లోవ్నా చెప్పింది పశువులు పడతాయని. అనిపా పూడ్చింది వేరే కారణానికి. ఆమె జనంలో తవ్విన గొయ్యిని ఖాళీగా వదలరు. ఊళ్ళో సమాధి తవ్వితే శవం వచ్చేదాకా ఒకడు దగ్గర కూర్చుంటాడు. ఖాళీ గొయ్యి మనిషిని అడుగుతుందని నమ్మకం.

దేశం ముక్కలై, పేరు మారిపోయిన తర్వాతి మాట ఇది. కేంద్రంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు. ఆ చలికాలం లీదియా పావ్లోవ్నా తుంటి ఎముక ఆపరేషన్‌కని నగరానికి వెళ్తూ, “దారి సంగతి నీ మాటే నా మాట” అని అనిపాకి చెప్పి వెళ్ళింది. పైన మిగిలింది అనిపా, కదిరాలి, రోడ్డు మీద గేటు చూసే సపర్. సపర్‌కి నాలుక తప్ప వేరే తోడు లేదు.

మార్చి మొదట్లో మంచు ఆగకుండా పడింది. పడుతుండగానే ఒక ఉదయం వైర్‌లెస్‌లో సరీబులక్ పలికింది. ఎప్పుడూ పలికే ఆపరేటరు కాదు. అనిపా అన్న జూనుష్.

“అనిపా, నాన్న లేడు. తెల్లారి లేపబోతే లేవలేదు.”

 ఆమె బటన్ నొక్కి, “నేనొస్తాను. నేనొచ్చేదాకా ఎత్తకండి” అంది.

“రేపు మధ్యాహ్నం నమాజు దాకా ఆపుతాం. ఆపైన ముల్లా ఒప్పుకోడు. గుడారం వేశాం. నీ చోటు గోడ పక్కన అట్టే పెట్టాం.”

ఆడపిల్ల తండ్రి శవం పక్కన, గుడారం గోడకేసి తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని పాడాలి. ఆ పాట లేకుండా కదిలిన తండ్రిని చూసి, పాపం ఆడపిల్ల లేదేమో అంటారు. ఉండి కూడా రాలేదని తెలిస్తే అనే మాటలు వేరే.

ఆ రాత్రి మంచు ఆగింది. పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కనుమకి ఇవతల ఉండే చుట్టాలు ట్రక్కులో గేటు దాకా వచ్చేశారని, వాళ్ళకి పెద్ద మమిత్ బాబాయని సపర్ కబురు పెట్టాడు. మమిత్ అనిపా తండ్రికి తోడబుట్టిన తమ్ముడు. కదిరాలి బుల్డోజరు ఇంజను కింద మంట పెట్టి వెచ్చబెడుతున్నాడు. అందరూ అనిపా నోటి మాట కోసం చూస్తున్నారు.

ఆమె పార తీసుకుని చెల్లి మీదికి ఎక్కింది. కళ్ళు వాచి సగమే తెరుచుకుంటున్నాయి. కర్రల వరస కనబడింది. చివరి కర్ర చూసుకుని, దానికి బారెడు పైన తవ్వడం మొదలుపెట్టింది. పైన కొత్త మంచు మెత్తగా వచ్చింది. దాని కింద పార ఖంగుమంది. అడుగు దాకా గట్టిదనమే. పంచదార కోసం వెతికితే వేలికి ఒక్క పలుకూ రాలలేదు. స్తంభం కోసి తట్టింది. మణికట్టుతో, మోచేత్తో, చివరికి పళ్ళు బిగించి భుజంతో కొట్టింది. కదల్లేదు.

గత వారం ఎండకి అడుగు పట్టేసినట్టుంది, అనుకుంది. అలా అవడం ఉంది. అరుదుగా అయినా ఉంది. నాన్న అదృష్టం అనుకుంది. పరుగున దిగి వైర్‌లెస్‌లో, “సపర్, దారి తెరవొచ్చు. బుల్డోజరు ముందు, ట్రక్కు వెనక” అంది. సరీబులక్‌కి కూడా అదే చెప్పింది. అవతల జూనుష్ గొంతు ఒక్కసారిగా తేలికైంది. “రా, రా. నీ కోసమే ఉన్నాడు.”

కదిరాలి బుల్డోజరు ఎక్కి గేటు వైపు కదిలాడు. అనిపా నల్ల గౌను తొడుక్కుని, తల మీద నల్ల బట్ట కట్టుకోబోతూ ఆగింది. గొయ్యి పూడ్చలేదు.

ఎప్పుడూ మరవని పని. అటు సరీబులక్‌లో ఈ వేళకి నాన్న సమాధి తవ్వుతూ ఉంటారు, ఇటు తన చేత్తో తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. కదిరాలి గేటు చేరడానికి ఎలాగూ కొంత పడుతుంది. ఆమె బట్ట మెడలో వేసుకుని, పార పట్టుకుని మళ్ళీ ఎక్కింది.

అంచు మీద నిలబడి మంచు లోపలికి తోస్తోంది. పై అంచు పెళ్ళగా విరిగింది. విరిగిన గోడలోంచి కర్ర ఒకటి బయటపడింది. నిలువుగా గుచ్చి ఉన్న కర్ర. పై సగం గాలికి విరిగిపోయింది. ఆ విరిగిన ముక్క కూడా పక్కనే కొత్త మంచు కింద పడుకుని ఉంది. చాకుతో తను పెట్టిన గాటు దాని మీద కనబడుతూనే ఉంది.

అనిపా ఊపిరి బిగబట్టి చూసింది. తను చివరిదనుకున్న కర్ర చివరిది కాదు. చివరిది విరిగి మంచులో మునిగింది. ఆమె తవ్వింది కిందటిసారి తనే తవ్వి పూడ్చిన గొయ్యిని.

వైర్‌లెస్ దగ్గరికి ఎలా దిగిందో ఆమెకి తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు. “సపర్! గేటు దించు. ఎవర్నీ పోనివ్వకు.”

“ఇప్పుడే ఎత్తమంటివి, ఇప్పుడే దించమంటివి,” అన్నాడు సపర్. “ఇది గేటా, మేకల కొట్టం తడికా అక్కా?”

“మా ఆయన ఎక్కడున్నాడు?”

“నా ముందే ఉన్నాడు. గేటు కింద నుంచి ముక్కు పెట్టాడు.”

“ఆపు. కాళ్ళ మీద పడైనా ఆపు.”

సపర్ గొంతులో ఎకసెక్కం పోయింది. “ఆపాను,” అన్నాడు.

ఆమె మూడోసారి చెల్లి ఎక్కుతుంటే వెనకాల మమిత్ బాబాయి రొప్పుకుంటూ వచ్చాడు. నక్కతోలు టోపీ, చేతిలో కొరడా. గుర్రం లేకపోయినా కొరడా వదలని మనిషి.

“ఏమైందే? దారి బాగుందన్నావట. ఇంతలో ఏం దెయ్యం పట్టింది?”

“తప్పు చోట తవ్వాను బాబాయ్. మళ్ళీ తవ్వాలి.”

“మళ్ళీ తవ్వుతూ కూర్చుంటే అక్కడ మా అన్నని ఎత్తేస్తారు!”

ఆమె పార ఎత్తింది. ఈసారి కర్రలకి దూరంగా, ఎవరి అడుగూ పడని చోట తవ్వింది. కొత్త మంచు, దాని కింద గట్టి పలక, పలక కింద పార తగలగానే జలజలమని రాలింది. దోసిలి పట్టింది. వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. స్తంభం కోసి అరచెయ్యి ఇలా ఆనించిందో లేదో పైభాగం జారి ఆమె ఒళ్ళో పడింది.

మమిత్ వంగి, ఆ పలుకుల్ని చేతిలోకి తీసుకుని చూశాడు. “ఇదా? ఏటా ఉండేదే కదా ఇది. మా చిన్నప్పుడు దీన్నే కరిగించుకుని టీ కాచుకునేవాళ్ళం.”

“ఏటా ఉంటుంది. ఏటా దీని మీద ఇంత మంచు కూర్చోదు.”

“పడుతుందని నీకు ఖాయంగా తెలుసా?”

“తెలీదు.”

“తెలీదంట! మరి? ఒక్క బండే. బుల్డోజరు, ఒక్క బండి. అల్లా పేరు చెప్పుకుని గబగబా దాటేస్తాం. అక్కడ పడుకుని ఉన్నది నీ తండ్రే తల్లీ, దారిన పోయేవాడు కాదు.”

“నా ముందు పోయేది నా మొగుడు బాబాయ్. వెనక ట్రక్కులో మీ కోడళ్ళు, చంటిపిల్లలు. నేనొక్కదాన్నే అయితే నడిచిపోయేదాన్ని.”

“మీ నాన్న కంటే మంచు ఎక్కువైంది నీకు,” అన్నాడు మమిత్. కొరడాతో తన బూటు మీద ఒకటి కొట్టుకుని కిందికి దిగిపోయాడు.

అనిపా గొయ్యి పూడ్చింది. ఈసారి మరవలేదు. కిందికి వచ్చేసరికి కదిరాలి బుల్డోజరు వెనక్కి తెచ్చి, ఇంజను ఆపేసి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం చూసి లేచాడు. లోపలికి నడిచి వైర్‌లెస్ ముందు కుర్చీ లాగి పెట్టాడు.

“జూనుష్‌కి చెప్పు,” అన్నాడు.

చెప్పింది. రాలేనంది.  జూనుష్, “మూసింది ఎవరు? పై ఆఫీసా?” అన్నాడు.

“నేనే.”

“నువ్వే,” అన్నాడు జూనుష్. “సరే. నమాజుకి లేస్తున్నారు. ఎత్తుతాం మరి.”

“అన్నా, ఆగు. ఆ వైర్‌లెస్ పెట్టెని గుడారంలోకి తీసుకెళ్ళు. తీగ అందుతుందా?”

“ఎందుకు?”

“నా చోట పెట్టు.”

వైర్‌లెస్ బల్ల ఎలాగూ గోడకి ఆనించి ఉంది. అనిపా గోడకేసి తిరిగి కూర్చుని, నల్లబట్ట తలకి కట్టుకుని, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. మాట్లాడాలంటే బటన్ నొక్కి పట్టుకోవాలి. కదిరాలి పక్కన నిలబడి తన లావుపాటి బొటనవేలితో దాన్ని నొక్కి పట్టాడు. ఆమె పాడింది.

“గుర్రం జీను దించావా నాన్నా,
కళ్ళెం ఎవరి చేతికిచ్చావు?
ఎండాకాలం పోతానన్నవాడివి
ఎవరి తొందర మీద పోయావు?
దారికి నేనే గడియ వేశాను,
తలుపవతల నువ్వున్నావు.
గడియ తియ్యలేని చేతుల్తోటి
నీకు నీళ్ళు పోయలేకున్నాను.”

ఆ వైర్‌లెస్ వరస మీద కనుమకి ఇటూ అటూ ఉన్న రోడ్డు పోస్టులన్నీ వింటాయి. మామూలుగా వాళ్ళకి నోరు ఊరుకోదు. ఆ పూట ఒక్కరూ అడ్డు రాలేదు. గేటు దగ్గర సపర్ తన వైర్‌లెస్ పెట్టె శబ్దం పెంచి కిటికీలో ఉంచాడు. ట్రక్కులోని ఆడవాళ్ళు దిగి, రోడ్డు మీదే కూర్చుని అందుకుని పాడారు. మమిత్ బాబాయి వాళ్ళకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె గొంతు ఆగిపోయాక కదిరాలి బొటనవేలు తీశాడు. గోరు తెల్లగా పాలిపోయి ఉంది.

కాసేపటికి సరీబులక్ ఆపరేటరు పలికాడు.  రోజూ అనే మాటే అన్నాడు. “అక్‌బెల్, అందింది.”

అక్క ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. దారి మూసి ఉన్నన్నాళ్ళూ అనిపా ప్రతి ఉదయం బయటికొచ్చి అటే చూసేది. పడితే బాగుండునని కోరుకుందో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ ఎండలకి అడుగు తడిసి, మంచు తనలో తనే కుంగి, సన్నటి వాగులై కిందికి దిగిపోయింది. వాలు మీద గడ్డి లేచింది. ఆ చలికాలం అక్క మీంచి పిడికెడు మంచు కూడా రోడ్డు మీద పడలేదు.

సపర్ ఊరుకుంటాడా! “అక్కా, ఆ మంచు చరియ బయల్దేరిందా? ఇంకా గౌను తొడుక్కుంటోందా?” అని ఏళ్ళ తరబడి అడిగాడు. ఆమె కూడా, “బయల్దేరింది. నీ గేటు చూసి దడుచుకుని వెనక్కి పోయింది” అనేది.

మేలో లీదియా పావ్లోవ్నా కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. అనిపా జరిగిందంతా చెప్పింది. తప్పు చోట తవ్వడం దగ్గర్నుంచీ, పడకపోవడం దాకా. లీదియా పావ్లోవ్నా చుట్ట వెలిగించుకుని వాలు వైపు చూసింది.

“మొదటి గొయ్యిలో నువ్వు కోరుకున్న జవాబు వచ్చింది,” అంది. “అప్పుడే అనుమానించాల్సింది.”

“అవును.”

“ఇక రెండో దాని సంగతి. నేను ఈ రోడ్డుని మూయించినన్ని సార్లు ఎవరూ మూయించి ఉండరు. వాటిలో ఎన్ని అవసరమో, ఎన్ని ఊరికే మూశానో నాకు తెలీదు. తెలిసే దారి లేదు. తప్పుగా తెరిచినవే తెలుస్తాయి. అవి ఎందరు పోయారో చెప్తాయి. ఈ పనిలో ఓదార్పు ఉండదమ్మాయీ. అది కావాలంటే వంటలోకి వెళ్ళు. కానీ నీ సూప్ తాగేవాళ్ళకి ఓదార్పు ఎవరిస్తారు?”

జూనుష్ ఆ నెల చివర్లో కనుమ దాటి వచ్చాడు. గడపలోనే నిలబడి, “పడిందా?” అని అడిగాడు. కబురు తెలిసే అడిగాడు.

“పడలేదు.”

“అయితే వచ్చి ఉండొచ్చు.”

“వచ్చి ఉండొచ్చు.”

లోపలికొచ్చి కూర్చున్నాడు. రొట్టె తుంచాడు, తినలేదు. “గుడారంలో నీ చోట ఆ పెట్టె పెట్టాను. ఆడవాళ్ళు మొదట నవ్వబోయారు. తర్వాత నవ్వలేదు. నాన్న విన్నాడో లేదో నాకు తెలీదు. నాకైతే కోపం పోలేదు. నీ మీదో, కొండ మీదో, ఆయన మీదో తెలీడం లేదు. ఎండాకాలం పోతానని ఎందుకనాలి?”

“అన్నాడు కదా, ఆయన్ని అడగలేంగా.”

జూనుష్ కోటు లోపల్నుంచి మడత బట్ట తీశాడు. చావు ఇంటికి వచ్చిన ఆడవాళ్ళందరికీ పంచే బట్ట. నీలం పూల చీటీ గుడ్డ. “నీ వంతు. అమ్మ ఎవరికీ ఇవ్వనివ్వలేదు,” అని ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పుడు రొట్టె తిన్నాడు.

ఆ గుడ్డతో గౌను కుట్టించుకోవాలి, వాడుక అది. అనిపా కుట్టించుకోలేదు. మళ్ళీ మంచు పడ్డాక దాన్ని సన్నటి పేలికలుగా చింపి, చెల్లి మీద గుచ్చే ప్రతి కర్రకీ ఒకటి పైన, ఒకటి నడిమిన, ఒకటి అడుగున కట్టింది. ఎక్కడ విరిగినా ఏదో ఒక ముక్క నీలంగా కనబడుతుంది. తెల్లటి వాలు మీద ఆ పేలికలు చూసి సపర్, “ఏ పీరు సమాధి అక్కా అది? మేమూ వచ్చి మొక్కుకోవచ్చా?” అన్నాడు.

“మొక్కుకో. ముందు నాలుక కోసి కట్టు,” అంది అనిపా.

తర్వాత తర్వాత అక్క చాలాసార్లు పడింది. కొన్నిసార్లు అనిపా మూసిన దారి మీద, కొన్నిసార్లు తెరవబోయే ముందు. ఆమె తెరిచిన దారి మీద ఎప్పుడూ పడలేదు. దాన్ని గురించి ఆమె గొప్ప చెప్పుకోలేదు, చెప్పుకుంటే అది వింటుందని భయం. గుడ్డ అయిపోయాక అదే రంగుది కొనుక్కొచ్చేది. కదిరాలి పోయాడు. లీదియా పావ్లోవ్నా తన చెల్లెలి ఊరికి వెళ్ళిపోయి అక్కడే పోయింది. మోకాళ్ళు మొరాయించాక అనిపా పార కొత్తవాళ్ళకి ఇచ్చి, కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతూ, వాళ్ళు చెల్లి మీద ఎక్కడ తవ్వుతున్నారో ఊపిరి బిగబట్టి చూసేది. తప్పు చోట వంగితే కిటికీ అద్దం మీద చెంచాతో కొట్టేది. వాళ్ళకి వినబడదు. అయినా కొట్టేది.

ఆమె జూలైలో పోయింది. గడ్డి మోకాలెత్తు, కనుమ మీద మేకలు, దారి పొడి పొడిగా ఉంది. ముందురోజు సాయంత్రం కూతురు మైరమ్‌తో, “రేపు సరీబులక్ వెళ్ళొద్దామా” అంది. పొద్దున లేవలేదు.

శవాన్ని ఎవరి కోసమూ ఆపాల్సిన పని లేకపోయింది. మధ్యాహ్నం నమాజుకి ముందే అందరూ వచ్చారు. కింద లోయ నుంచి వచ్చారు, అవతలి వైపు నుంచి వచ్చారు. మమిత్ బాబాయి కొడుకులు కోడళ్ళు వచ్చారు. ముసలి జూనుష్ కనుమ దాటగానే కారు ఆపించుకుని దిగి, “అయ్యో నా చెల్లీ” అని అరుస్తూ, కర్ర మీద ఊగుతూ ఇల్లు చేరేదాకా నడిచే వచ్చాడు. గుడారంలో మైరమ్ గోడకేసి కూర్చుని, నడుము మీద చేతులు పెట్టుకుని పాడుతోంది. గొంతు తల్లిది కాదు, కొంచెం బొంగురు. పంచడానికి మడతపెట్టిన గుడ్డ నీలం పూలదే.

సపర్ గేటు ఎత్తి ఉంచి, తాడు కట్టేసి, పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్క బండీ ఆగకుండా పోతోంది. ఆఖరి బండిలోని వాళ్ళెవరో దారి ఎలా ఉందని అలవాటుగా అడిగారు.

“బ్రహ్మాండంగా ఉంది, పొండి,” అన్నాడు సపర్. మొహం తుడుచుకుని, “ఎండాకాలమే చూసుకుంది. తండ్రి చెప్పి తప్పాడు. ఈవిడ చెప్పకుండానే చేసింది” అన్నాడు.